47 ఏళ్లకు ఐటీలో "మీ రోల్ లేదు" అంటే ఏం చేయాలి?

చదివే మిగతావాళ్లకూ విషయం తెలియాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా ఇక్కడ పెడుతున్నాను. మీకు 47 ఏళ్లు. సొంతూరు హనుమకొండ, ఇంజనీరింగ్ చదివిందీ ఇక్కడే. హైదరాబాద్‌లో ఒకే కంపెనీలో 18 ఏళ్ల సర్వీసు. మొదట కోబాల్ (బ్యాంకులు, బీమా కంపెనీలు వాడే పాత ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రామర్, తర్వాత లీడ్, కొన్నేళ్లుగా డెలివరీ మేనేజర్. పనంతా ఒక అమెరికన్ జీవిత బీమా సంస్థది. ఆ క్లయింట్ ఇప్పుడు పాత మెయిన్‌ఫ్రేమ్‌ను (పెద్ద సంస్థల లెక్కలు నడిపే భారీ కంప్యూటర్) వదిలి కొత్త సిస్టమ్‌కు మారుతున్నాడు. హెచ్‌ఆర్ పిలిచి, "మీ స్థాయికి ప్రస్తుతం రోల్ లేదు, 60 రోజుల్లో లోపల వేరే ప్రాజెక్ట్ చూసుకోండి, దొరక్కపోతే రిజైన్ చేయడం మీకే మంచిది" అన్నారు. ఫ్లాట్ ఈఎంఐ నడుస్తోంది. పాప ఇంటర్ రెండో సంవత్సరం, బాబు తొమ్మిదో తరగతి. ఇంట్లో భార్యకు సగమే చెప్పారు, హనుమకొండలో అమ్మకు, బాపుకు అసలు చెప్పలేదు. రిజైన్ చేయాలా, మూడు లక్షలు పెట్టి ఏఐ కోర్సులో చేరాలా, అన్నీ వదిలేసి వరంగల్ వచ్చేయాలా అని అడిగారు. చివర్లో "నా వయసే నా తప్పా?" అని రాశారు.

నా గురించి రెండు మాటలు. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని, వై2కె పనులతో (2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేసే పనులు) ఉద్యోగంలో చేరిన తరం నాది. బీమా, బ్యాంకింగ్ సిస్టమ్‌ల మీదే పనిచేశాను. ఇప్పుడు హనుమకొండలో ఉంటూ, పాత సిస్టమ్‌లను కొత్తవాటికి మార్చే ప్రాజెక్టులకు కన్సల్టెంట్‌గా చేస్తున్నాను. మీ పరిస్థితిలో ఉన్నవాళ్లు తరచూ ఫోన్ చేస్తుంటారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను తమ్ముడూ. అది లోపల తొలుస్తున్నంతసేపు మిగతా నిర్ణయాలేవీ సరిగా తీసుకోలేరు.

మన ఐటీ సర్వీసుల కంపెనీలు చాలాకాలం తలల లెక్క మీద నడిచాయి. మనిషికి గంటకు ఇంత, నెలకు ఇంత అని క్లయింట్‌కు బిల్లు. కింద ఎక్కువమంది ఫ్రెషర్లు, వాళ్ల మీద లీడ్‌లు, వాళ్ల మీద మేనేజర్లు. మేనేజర్ జీతం చాలా ప్రాజెక్టుల్లో క్లయింట్‌కు పూర్తిగా బిల్ అవ్వదు. కింద టీమ్ పెద్దగా ఉండి, ఏటా పెరుగుతూ ఉంటేనే ఆ ఖర్చు సర్దుకుంటుంది. పెరుగుదల మందగించింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక క్లయింట్లు "ఇదే పనికి ఇంతమంది ఎందుకు, రేటు తగ్గించండి" అని గట్టిగా అడగడం మొదలుపెట్టారు. ఆ ఒత్తిడి ముందుగా పడేది మధ్య వరస మీదే. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గిస్తామని చెప్పినప్పుడు ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్లే అందులో ఉంటారని కూడా చెప్పింది. అంటే మీకు వచ్చిన కష్టం మీ ఒక్కరి పనితీరు మీద ఇచ్చిన తీర్పు కాదు.

వయసు చూడరు అని మాత్రం నేను చెప్పను. చూస్తారు. ప్రైవేటు ఉద్యోగంలో వయసు వివక్షను నేరుగా నిషేధించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. "కల్చర్ ఫిట్ కాదు", "ఓవర్ క్వాలిఫైడ్" అనే మాటల వెనుక చాలాసార్లు వయసే ఉంటుంది. అది అన్యాయం. కానీ నేను చూసినంతవరకు, 47 ఏళ్ల మనిషి బయట ఉద్యోగం వెతికేటప్పుడు వయసు కంటే ఎక్కువ దెబ్బ కొట్టేది ఇంకొకటి ఉంది: చాలా ఏళ్లుగా చేతితో పనిచేయకపోవడం. రివ్యూ మీటింగ్‌లు, ఎస్కలేషన్ కాల్స్, అప్రైజల్ షీట్లు, ఇవి ఒక కంపెనీ లోపల విలువైనవే. గేటు దాటి బయటికి వచ్చాక వాటిని కొనేవాడు దొరకడు. మీ దగ్గర కొనదగ్గది ఇంకొకటి ఉంది, దాని గురించి కింద వివరంగా రాస్తాను. ముందు ఆ రిజిగ్నేషన్ కాగితం సంగతి.

తొందరపడి రిజైన్ చేయకండి. నోటితో చెప్పిన మాటను మెయిల్‌లోకి తీసుకురండి. "మన మాటల ప్రకారం ఫలానా తేదీ వరకు లోపల రోల్ వెతుక్కోమన్నారు, దొరక్కపోతే కంపెనీ ఇచ్చే ప్యాకేజీ ఏమిటో తెలపండి" అని మర్యాదగా, రెండు లైన్లలో రాయండి. కోపం, పాత సేవల జాబితా అందులో వద్దు. జవాబు రాకపోయినా మీ వైపు నుంచి రికార్డు ఉంటుంది.

చట్టం విషయంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఉద్యోగం తీసేస్తే సర్వీసులో ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున ఇచ్చే రిట్రెంచ్‌మెంట్ పరిహారం "వర్కర్" నిర్వచనంలోకి వచ్చేవాళ్లకే. మేనేజర్ హోదాలో పనిచేసేవాళ్లు, నెలకు 18 వేలకు మించి జీతం ఉన్న సూపర్‌వైజర్లు అందులోకి రారు. విజిటింగ్ కార్డు మీద ఉన్న హోదా కంటే నిజంగా చేసే పనే ముఖ్యమని కోర్టులు చాలాసార్లు చెప్పాయి కానీ, డెలివరీ మేనేజర్‌గా మీకు ఆ దారి కష్టమే. కాబట్టి మీ బలం మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉన్న నోటీస్ క్లాజ్, ఆ తర్వాత మాట్లాడుకుని సాధించుకునేది. లేబర్ లాయర్‌కు ఒక గంట ఫీజు ఇచ్చి ఆ లెటర్ చూపించండి. కంపెనీలు మీ చేత రాజీనామా రాయించుకోవాలని చూసేది ఎందుకంటే, రాజీనామా మీ సొంత నిర్ణయం అవుతుంది. అందుకే ప్యాకేజీ, నోటీస్ పే, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, హెల్త్ ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉంటుంది అనేవి కాగితం మీదికి వచ్చాకే సంతకం.

గ్రాట్యుటీ వేరే విషయం, అది రిజైన్ చేసినా మీదే. ఐదేళ్లు దాటిన సర్వీసుకు చివరి బేసిక్, డీఏ కలిపిన మొత్తాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. మీ బేసిక్ 90 వేలు అనుకుంటే 18 ఏళ్లకు దాదాపు 9 లక్షల 34 వేలు. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. అంటే ఇంకో రెండు మూడు వారాలు ఉంటే ఆ గీత దాటే పరిస్థితిలో ఉన్నారేమో చూసుకోండి, చివరి తేదీ మాట్లాడుకునేటప్పుడు అది పనికొస్తుంది. కొత్త కోడ్‌లలో వేతనం నిర్వచనం మారింది, కాబట్టి లెక్క కాగితాన్ని అడిగి తీసుకోండి. గ్రాట్యుటీ 30 రోజుల్లో, జీతం బకాయిలు రెండు పని దినాల్లో రావాలి.

పీఎఫ్ ముట్టుకోకండి. ఉద్యోగం మానేసినా 58 ఏళ్ల వరకు దాని మీద వడ్డీ వస్తుంది. మానేసిన తర్వాత వచ్చే వడ్డీకి పన్ను కట్టాలి, అంతే. పదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి 58కి పీఎఫ్ పెన్షన్ కూడా ఉంది. 50 తర్వాత ముందుగా తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది. ఆ పెన్షన్ చిన్నదే, దాని మీద ఆధారపడి లెక్కలు వేయకండి.

చాలామంది మరిచిపోయే విషయం హెల్త్ ఇన్సూరెన్స్. గ్రూప్ పాలసీ మీ చివరి పని దినంతోనే ముగిసిపోవచ్చు. మన వయసులో బీపీ, షుగర్‌లలో ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. కొత్త పాలసీలో ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్ పెట్టవచ్చు. గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారితే పాత కాలం కలిసొస్తుంది. ఇది ఉద్యోగం ఉండగానే అడగాల్సిన పని. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ కూడా లేదు. ఈ వారమే కదలండి.

ఈఎంఐ గురించి ఒక మాట. ప్యాకేజీ, గ్రాట్యుటీ చేతికి రాగానే లోన్ తీర్చేయాలనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు కూడా "అప్పు లేకుండా ఉంటే చాలు" అంటారు. నా సలహా దానికి పూర్తిగా విరుద్ధం. కనీసం ఏడాది ఇంటి ఖర్చు, ఈఎంఐలు, పాప కాలేజీ మొదటి ఏడాది ఫీజు చేతిలో నగదుగా ఉండాలి. లోన్ ఎప్పుడైనా తీర్చవచ్చు, ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్‌కు ముందే కట్టినందుకు జరిమానా లేదు. కానీ ఉద్యోగం లేనప్పుడు మళ్లీ లోన్ పుట్టదు. చేతిలో నగదు ఉన్న మనిషి ఇంటర్వ్యూలో కూర్చునే తీరే వేరు.

ఇక అసలు విషయం.

కోబాల్ రూపుదిద్దుకోవడం మొదలైందీ, మన వరంగల్ ఆర్‌ఈసీకి (రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ) నెహ్రూ శంకుస్థాపన చేసిందీ ఒకే ఏడాది, 1959. ఆర్‌ఈసీ 2002లో ఎన్‌ఐటీ అయింది. కోబాల్ మాత్రం పేరు కూడా మారకుండా బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, ప్రభుత్వాల్లో ఇంకా రాత్రిళ్లు బ్యాచ్ జాబ్‌లు (ఆ రోజు లెక్కలన్నీ ఒకేసారి గుంపుగా చేసే పనులు) నడుపుతూనే ఉంది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు పోటెత్తినప్పుడు అమెరికాలో న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసినవాళ్లు కావాలని బహిరంగంగా అడిగారు. అలాగని కోబాల్‌ను నమ్ముకుని కూర్చోమని మీకు చెప్పను. ఇప్పుడు ఏఐ టూల్స్ కోబాల్ ప్రోగ్రామ్‌ను చదివి ఏం చేస్తుందో చెప్తున్నాయి, జావాలోకి మార్చి ఇస్తున్నాయి. ఆ పని చౌకైపోయింది, ఇంకా చౌకవుతుంది.

అయితే మీరు 18 ఏళ్లు చేసింది కేవలం కోబాల్ కాదు. ఒక్కసారి గుర్తు చేసుకోండి. పాలసీదారుడి వయసును గడిచిన పుట్టినరోజుతో లెక్కించాలా, దగ్గరలో ఉన్న పుట్టినరోజుతో లెక్కించాలా? రెండు పద్ధతులూ ఉన్నాయి, ఒకే మనిషికి రెండు వయసులు వస్తాయి, ప్రీమియం మారిపోతుంది. ప్రీమియం కట్టకపోతే పాలసీ వెంటనే ల్యాప్స్ అవుతుందా, నగదు విలువలోంచి ఆటోమేటిక్‌గా లోన్ తీసి కట్టుకుంటుందా, పెయిడప్‌గా (ఇక ప్రీమియం లేకుండా, తగ్గిన మొత్తంతో కొనసాగేలా) మారుతుందా? అమెరికాలో బీమాను నియంత్రించేది రాష్ట్రాలు, కాబట్టి ఒకే పాలసీకి రాష్ట్రాన్ని బట్టి నిబంధన మారుతుంది. 1970లలో అమ్మిన పాలసీ కూడా ఇంకా బతికే ఉండవచ్చు, దాని పత్రంలో రాసిన మాటను ఈరోజు సిస్టమ్ నిలబెట్టాలి. ప్రోగ్రామ్‌లో ఎక్కడో మూల ఒక ఇఫ్ కండిషన్ ఉంటుంది. ఏఐ దాన్ని చదివి "ఈ ప్లాన్ కోడ్ అయితే ఈ లెక్క వదిలేస్తోంది" అని చెప్పగలదు. ఎందుకు వదిలేస్తోందో, అది తీసేస్తే ఏ పాలసీదారుల చెక్కులు తప్పుగా వెళ్తాయో చెప్పగలిగేది మీరు.

మార్పిడి ప్రాజెక్టులు చాలావరకు చిక్కుకునేది ఇక్కడే. కోడ్ మారిపోతుంది, టెస్టులు పాసవుతాయి, పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపే పారలల్ రన్‌లో మాత్రం లెక్కలు కలవవు. మీకు వెంటనే వెలిగే కారణాలు కొత్త కుర్రవాళ్లకు వారాలు పట్టినా తట్టవు. కోబాల్‌లో రౌండెడ్ అని రాయకపోతే పైసల ముక్క కత్తిరించేస్తుంది. కొత్త ప్రోగ్రామ్ రౌండ్ చేస్తుంది. లక్షల పాలసీల మీద ఆ సెంటు తేడా పెద్ద మొత్తం అవుతుంది. కాంప్-3 ఫీల్డ్‌ను (దశాంశాలను కచ్చితంగా దాచే కోబాల్ పద్ధతి) జావాలో డబుల్‌గా (దాదాపు విలువగా దాచే పద్ధతి) తీసుకుంటే దశాంశాలు జారిపోతాయి. అక్షరాలను దాచడానికి మెయిన్‌ఫ్రేమ్ వాడే ఎబ్సిడిక్ పద్ధతిలో అక్షరాల తర్వాత అంకెలు వస్తాయి, మామూలు కంప్యూటర్ల ఆస్కీ పద్ధతిలో అంకెల తర్వాత అక్షరాలు. పాలసీ నంబర్లలో రెండూ కలిసి ఉంటే సార్టింగ్ క్రమమే తారుమారై, రెండు ఫైళ్లను జత చేసే ప్రోగ్రామ్ సగం రికార్డులు దొరకలేదంటుంది. అర్ధరాత్రి ఎస్‌0సీ7 అబెండ్ (చెల్లని అంకెల డేటా వల్ల ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోవడం) చూసిన ప్రతివాడికీ, అంకెలు ఉండాల్సిన చోట ఖాళీలున్న పాత డేటా ఎంత ఉంటుందో తెలుసు. ఆ చెత్త డేటా కొత్త సిస్టమ్‌లోకి వెళ్లేటప్పుడు ఏం చేయాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ నిర్ణయం తీసుకోగలిగిన మనిషి కోసం క్లయింట్ డబ్బు పెడతాడు.

కాబట్టి మీరు మొదట తట్టాల్సిన తలుపు మీ క్లయింట్ చేస్తున్న ఆ మార్పిడే. మీ రోల్ పోతున్నది దానివల్లే, మీ అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నదీ అక్కడే. ఈ 60 రోజుల్లో మీ కంపెనీ లోపలే డేటా కన్వర్షన్, రికన్సిలియేషన్ (పాత, కొత్త లెక్కలను సరిపోల్చడం), పారలల్ రన్ పనుల్లో చేతితో చేసే పాత్ర అడగండి. మేనేజర్ అనే మాట లేకపోయినా తీసుకోండి. హోదా తగ్గిందని నలుగురు నాలుగు మాటలు అనవచ్చు. అననివ్వండి, రెండేళ్ల తర్వాత మీ సీవీలో నిలిచేది ఈ పనే. ఇదే సూత్రం మెయిన్‌ఫ్రేమ్ కాని వాళ్లకూ పనికొస్తుంది. కంపెనీల లెక్కలు, సరుకు నడిపే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్‌లో పాత వెర్షన్ ఈసీసీకి సాధారణ సపోర్ట్ 2027 చివరతో ముగుస్తోంది. ఆ పాత సిస్టమ్‌లో తమ కంపెనీ ఏయే మార్పులు ఎందుకు చేసుకుందో తెలిసినవాళ్లకు ఇప్పుడు పని ఉంది.

సీవీలో "80 మంది టీమ్‌ను నడిపాను" అన్న వాక్యం పైన ఉంటే కిందికి తోయండి. పైన ఏ రకం పాలసీలు, ఏ లెక్కలు, ఏ సమస్య ఎలా తేలింది అనేది రాయండి. రెండు పేజీలు దాటొద్దు. వెతకాల్సిన చోట్లు: హైదరాబాద్‌లో బీమా, బ్యాంకింగ్ సంస్థలు సొంతంగా పెట్టుకున్న సెంటర్లు, బీమా సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలు, మార్పిడి పనులు మాత్రమే చేసే చిన్న సంస్థలు. బిజినెస్ అనలిస్ట్, కన్వర్షన్ లీడ్, టెస్ట్ ఆర్కిటెక్ట్ లాంటి పేర్లతో ఉంటాయి. మీ వయసులో పోర్టల్‌లో అప్లై చేస్తే పిలుపు రావడం కష్టం. పాత కొలీగ్స్‌కు ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేయండి. వాట్సాప్ ఫార్వర్డ్ వద్దు. జీతం తగ్గుతుంది, అది ముందే ఒప్పుకోండి. ఎంత తగ్గినా ఇల్లు నడుస్తుందో భార్యతో కూర్చుని లెక్క వేసి ఒక సంఖ్య రాసిపెట్టుకోండి. ఆ సంఖ్య తెలిస్తే వచ్చిన ఆఫర్‌ను చూసి బాధపడటం తగ్గుతుంది.

ఒక హెచ్చరిక, ఇది చాలా ముఖ్యం. మీకు తెలిసింది రాసిపెట్టుకోండి అంటున్నానని క్లయింట్ కోడ్, డాక్యుమెంట్లు, స్క్రీన్ షాట్లు ఇంటికి తెచ్చుకోవద్దు. ఒక్క మెయిల్ సొంత ఐడీకి పంపినా ప్యాకేజీ పోగొట్టుకునే పరిస్థితి వస్తుంది. తలలో ఉన్నదాన్ని, బీమా రంగం మొత్తానికి వర్తించే దాన్ని సొంత మాటల్లో రాయండి.

ఏఐ కోర్సు సంగతి. మూడు లక్షలు పెట్టకండి, ముఖ్యంగా ఈఎంఐ మీద అసలు వద్దు. ఆ సర్టిఫికెట్ చూసి 47 ఏళ్ల మనిషికి ఏఐ ఇంజనీర్ ఉద్యోగం ఇచ్చేవాళ్లను నేను చూడలేదు. కానీ ఏఐ టూల్స్ వాడటం మీకు రావాలి, అందులో మినహాయింపు లేదు. ఖర్చు లేని దారి చెప్తాను. గ్నూకోబాల్ అనే ఉచిత కంపైలర్ (కోబాల్ ప్రోగ్రామ్‌ను మీ కంప్యూటర్‌లోనే నడిపించేది) ఉంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ వాళ్లు కార్డ్‌డెమో పేరుతో ఒక నమూనా మెయిన్‌ఫ్రేమ్ అప్లికేషన్‌ను గిట్‌హబ్‌లో (ప్రోగ్రామ్‌లు పంచుకునే వెబ్‌సైట్) అందరికీ పెట్టారు. దాంట్లో ఒక బ్యాచ్ ప్రోగ్రామ్ తీసుకోండి. ముందు మీరు చదివి నియమాలు రాయండి. తర్వాత ఏఐతో అదే పని చేయించండి. రెండింటినీ పోల్చి, అది ఎక్కడ సరిగ్గా చెప్పింది, ఎక్కడ ధీమాగా తప్పు చెప్పింది అని గుర్తించండి. ఆ తర్వాత పైథాన్‌లో పాత అవుట్‌పుట్, కొత్త అవుట్‌పుట్ పోల్చే చిన్న ప్రోగ్రామ్ రాయండి. దానికీ ఏఐ సాయం తీసుకోండి. రోజూ పొద్దున ఆఫీసు మొదలుకాకముందు కొంతసేపు కూర్చుంటే 60 రోజుల్లో చూపించుకోదగ్గది ఒకటి తయారవుతుంది. ఇంటర్వ్యూలో మీకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు "ఏఐ వాడతారా?" అని అడిగినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి చూపించడమే సరైన జవాబు.

వరంగల్ వచ్చేయాలా అన్నది నన్ను అందరూ అడిగే ప్రశ్న. మడికొండ ఐటీ సెజ్‌లో 2020 జనవరి 7న సైయంట్, టెక్ మహీంద్రా సెంటర్లు మొదలైనప్పుడు ఇక్కడ అందరం సంతోషించాం. అదే ఏడాది జులైలో కరీంనగర్ ఐటీ టవర్, 2023 ఆగస్టులో నిజామాబాద్ ఐటీ హబ్ వచ్చాయి. మన పిల్లలకు ఊరి దగ్గర ఉద్యోగం దొరకడం గొప్ప విషయమే. కానీ అక్కడి ఖాళీలు ఎక్కువగా ఫ్రెషర్లకు, మూడు నాలుగేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు. మీ స్థాయి కుర్చీలు చాలా తక్కువ. కాబట్టి "వచ్చేస్తే ఏదో దొరుకుతుంది" అని రాకండి, పని చేతిలో పెట్టుకుని రండి. రిమోట్ కాంట్రాక్ట్ దొరికితే హనుమకొండలో బతుకు చాలా హాయి, ఖర్చు తక్కువ, అమ్మా బాపు దగ్గర ఉంటారు. వారానికి మూడు రోజులు ఆఫీసు అంటే మాత్రం వేరే లెక్క. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, అక్కడి నుంచి గచ్చిబౌలి మళ్లీ ఇంకో ప్రయాణం. రోజూ వెళ్లి రావడం మీ ఆరోగ్యానికి మంచిది కాదు, రెండు రాత్రులు అక్కడ ఉండే ఏర్పాటుతోనే కుదురుతుంది. పాప ఇంటర్ పరీక్షలు, బాబు పది పూర్తయ్యేదాకా ఇల్లు కదిలించకపోవడమే మేలు.

కన్సల్టెంట్‌గా మొదలుపెడితే ఏడాదికి 20 లక్షల వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపి పన్ను కట్టే ప్రిజంప్టివ్ పద్ధతి ఐటీ వృత్తివాళ్లకూ ఉంది. దాని పరిమితి 50 లక్షలు, నగదు వసూళ్లు 5 శాతం లోపే ఉంటే 75 లక్షలు. ఒక మంచి సీఏను ముందే కలవండి.

ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పాలన్న ఆలోచన కూడా మీ ప్రశ్నలో కనిపించింది. యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అనే దారి తెరిచింది. కనీసం 15 ఏళ్ల వృత్తి అనుభవం ఉండాలి, పీహెచ్‌డీ అక్కర్లేదు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకుండా నియమించుకోవచ్చు. అయితే అది శాశ్వత ఉద్యోగం కాదు, మొత్తం నాలుగేళ్లు మించదు, జీతం మీ ఇప్పటి జీతానికి దరిదాపుల్లో ఉంటుందని ఆశించొద్దు. వారానికి ఒకటి రెండు రోజులు చెప్తూ మిగతా సమయం సొంత పని చేసుకుంటే బాగుంటుంది. మన పిల్లలకు నిజమైన సిస్టమ్‌లు చూసిన మనిషి పాఠం చెప్పడం ఎంత అవసరమో నాకు తెలుసు, అందుకే ఆ ఆలోచన వదలొద్దంటాను. వ్యవసాయం, పాల డెయిరీ, కర్రీ పాయింట్, ఫ్రాంచైజీ: వీటిలో అనుభవం లేకుండా ఈ ఏడాది మాత్రం పెట్టుబడి పెట్టకండి. ఉద్యోగం పోయిన భయంలో పెట్టే డబ్బు సరైన చోటికి వెళ్లదు. ప్లాట్ల బ్రోకర్లు కూడా ఫోన్ చేస్తారు, గ్రాట్యుటీ కబురు వాళ్లకు ఎలా తెలుస్తుందో తెలియదు కానీ తెలుస్తుంది.

మన ఊళ్లోనే ఒక ఉదాహరణ చూడండి. బీఎస్‌ఎన్‌ఎల్ వీఆర్‌ఎస్‌లో (స్వచ్ఛంద పదవీ విరమణ) 50 దాటినవాళ్లు దేశమంతటా 78 వేల మందికి పైగా 2020 జనవరి 31న ఒకేసారి బయటికి వచ్చారు. హనుమకొండ, వరంగల్‌లో కూడా చాలామంది. వాళ్లు పెరిగిన టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్, రాగి తీగల పనికి అప్పటికే గిరాకీ పోయింది. నాకు తెలిసినవాళ్లలో బాగా నిలదొక్కుకున్నవాళ్లు ఫైబర్ ఇంటర్నెట్ పనుల వైపు వెళ్లినవాళ్లు. ఫైబర్ అతికించడం కొత్తగా నేర్చుకున్నారు, అది పెద్ద కష్టం కాలేదు. కానీ ఏ వీధిలో డక్ట్ (తీగలు వెళ్లే భూగర్భ గొట్టం) ఎటు పోతుంది, ఏ కాలనీలో వానాకాలం ఎక్కడ నీళ్లు చేరతాయి, ఏ అపార్ట్‌మెంట్ సెక్రటరీతో ఎలా మాట్లాడాలి అన్నది వాళ్లకు ముందునుంచీ తెలుసు. కొత్త కుర్రవాళ్లకు అది తెలియదు. బీమా లెక్కల విషయంలో మీరున్న చోటు అదే.

ఇంట్లో విషయం. భార్యకు ఈరోజే పూర్తిగా చెప్పండి, అంకెలతో సహా. సగం చెప్పిన మాట మీ ఇద్దరికీ నిద్ర పట్టనివ్వదు. పాపకు కూడా ఆ వయసులో అర్థమవుతుంది. కాలేజీ ఎంపికలో తనకు ఆ సమాచారం కావాలి. అమ్మకు, బాపుకు ఫోన్‌లో చెప్పకండి. ఒక ఆదివారం వచ్చి, పక్కన కూర్చుని, "కంపెనీలో మార్పులు జరుగుతున్నాయి, ఏడాదికి సరిపడా డబ్బు ఉంది, వేరే పని చూసుకుంటున్నా" అని చెప్పండి. వాళ్లు మనం అనుకున్నదానికంటే గట్టివాళ్లు, చుట్టాల ద్వారా తెలిస్తేనే ఎక్కువ కుంగిపోతారు. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, టెన్షన్ అని కొట్టిపారేయకండి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ వారం మీరు చేయాల్సినవి హెచ్‌ఆర్‌కు ఆ రెండు లైన్ల మెయిల్, ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక ఫోన్, మార్పిడి ప్రాజెక్ట్ చూస్తున్న మీ క్లయింట్ వైపు మేనేజర్‌తో ఒక మాట. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీస్ క్లాజ్, పోటీ సంస్థలో లేదా క్లయింట్ దగ్గర చేరకూడదన్న షరతు ఏమైనా ఉంటే ఆ వాక్యాలు మాత్రం, కంపెనీ పేరు తీసేసి, ఇక్కడ రాయండి. సీవీ కొత్తగా రాశాక మొదటి పేజీ పంపితే చూసి ఏం మార్చాలో చెప్తాను.